గడ్డివాములకు అగ్నిభయము: గ్రామస్థులును సంఘములును చేయవలసిన పని

రాయలసీమ మెట్టరైతునకు ధాన్యపుగాదె యెంత ముఖ్యమో చొప్పవామియు నంత ముఖ్యము. వానలు చాలక పంట పోయినను, పశువులు నిలిచినచో మఱుసటి యేడు గొఱ్ఱు కట్టవచ్చును. పశువులే పోయినచో సేద్యము నిలిచిపోవును. 1876-78 సంవత్సరముల ధాత కరువులో కర్నూలు, కడప జిల్లాల పశువులు మేత లేక లెక్కకు మిక్కిలిగా నశించినవి. నేడు ట్రాక్టర్లు వచ్చి యెద్దులు తగ్గినను, ఆవులకును ఎనుములకును ఆ జొన్నచొప్పయు, వరిగడ్డియు, వేరుసెనగ కట్టెయుఁ గదా యాధారము! ఏడాది మేత యంతయు నొక్కచోటఁ గుప్పపడియుండఁగా, ఆర్పని బీడీముక్క యొకటి దానిని గంటలో బూడిద చేయఁగలదు. ఎండలు ముదురుచున్న యీ దినములలో రైతుసోదరు లీ విషయమును కొంచెము యోచింపవలెను.

ప్రభుత్వ సహాయము, దాని హద్దు

మన రాష్ట్రమున విపత్తుల స్పందన, అగ్నిమాపక సేవల శాఖ యున్నది. కర్నూలు, ఆదోని, నంద్యాల, కడప, ప్రొద్దుటూరు మొదలగు పట్టణములలో దాని కేంద్రములు గలవు. 101 సంఖ్యకుఁ గాని 112 సంఖ్యకుఁ గాని ఫోను చేసినచో ఫైరింజను బయలుదేఱును. నిప్పార్పుటయే గాక, బావిలోఁ బడిన మనుష్యులను పశువులను వెలికిఁ దీయుట, వరదలోఁ జిక్కినవారిని గాపాడుట, రహదారి ప్రమాదములలో సాయపడుట మొదలగునవియు నా సిబ్బంది విధులే.

అయినను దూర మొక యడ్డంకి. కేంద్రమునకు 30 కిలోమీటర్ల దూరమున నున్న పల్లెకు, గంటకు 45 కిలోమీటర్ల వేగమున వచ్చినను 40 నిమిషములు పట్టును. ఎండిన చొప్ప యంతసేపు కాచుకొని యుండదు. ఇఁక నీటి సంగతి. సామాన్యముగ నొక ఫైరింజనులోఁ బట్టు నీరు 4,500 లీటర్లు. నిమిషమునకు 450 లీటర్ల చొప్పున విడిచినచో 10 నిమిషములలో తొట్టి వట్టిపోవును. పెద్దవామి గర్భమున నున్న నిప్పు అంతటితోఁ జల్లాఱదు. తిరిగి నింపుకొనుటకు నీరెక్కడ? వేసవిలో కె.సి. కాలువ యెండియుండును, చెఱువులు అడుగంటియుండును.

నిప్పు వేగమునకు దృష్టాంతము మన జిల్లాలోనే కలదు. 2025 అక్టోబరు 24వ తేదీ తెల్లవాఱుజామున కర్నూలు చేరువ చిన్నటేకూరు కడ, హైదరాబాదునుండి బెంగుళూరునకుఁ బోవు బస్సు క్రింద మోటారుసైకి లొకటి చిక్కుకొనఁగా మంటలు లేచి, ఇరువదిమంది వఱకు ప్రాణములు గోల్పోయిరి. జిల్లా ముఖ్యపట్టణ మంత చేరువ నుండియు నట్లయ్యెను. తొలి నిమిషములలో అద్దములు పగులఁగొట్టుకొని దుమికినవారు బ్రదికిరి. కావున తొలి యరగంట ఊరివారిది, పిదపనే ఫైరింజనుది.

వామి వేయు విధము

వామిని ఇండ్లకును కొట్టములకును 60 అడుగులకుఁ దక్కువ గాని దూరమున వేయుట మేలు. ఉన్న మేత నొకే వామిగాఁ గాక రెండు వాములుగా, దూరదూరముగ వేసినచో ఒకటి కాలినను ఒకటి మిగులును. విద్యుత్తీగల క్రిందను, ట్రాన్స్‌ఫార్మరు దగ్గఱను వామి వేయరాదు. గాలికిఁ దీగలు రాచుకొని రాలు నిప్పురవ్వ యొక్కటి చాలును. గడ్డి నెత్తుగ నింపిన ట్రాక్టరు ట్రాలీలు వ్రేలాడు తీగలకుఁ దగిలి కాలిపోవుటయుఁ గలదు.

వామిచుట్టును పది యడుగుల మేర నేలను శుభ్రముగఁ జెక్కవలెను. దొడ్డిచుట్టును వేసిన ఎండుకంప దీపపువత్తివంటిది. ఒక మూల నంటుకొన్న మంటను వామి వఱకుఁ గొనిపోవును. అచ్చట నొక ఖాళీ విడువవలెను. పొయ్యి బూడిదను దిబ్బపైఁ బోయుటకు ముందు నీళ్లు చల్లవలెను. కొయ్యకాళ్లను తగులఁబెట్టు నలవాటు మానవలెను. దానివలన నేలసారము పోవుటయే గాక, గాలి మళ్లినచో ప్రక్కవాని పంటయుఁ బోవును.

పచ్చిమేతను గాని తడిసిన మేతను గాని వామి వేసినచో లోపల వేఁడి పుట్టి తనంతఁ దానే రాజుకొనవచ్చును. అనుమానము గలిగినప్పుడు ఇనుపపలుగును వామిలోనికి లోఁతుగఁ గ్రుచ్చి పావుగంట యుంచి తీయవలెను. చేతఁ బట్టలేనంత వేఁడియున్నచో అపాయము దగ్గఱ నున్నదని యెఱుంగునది. అట్టి వామిని తొందరపడి విప్పరాదు. గాలి సోఁకి భగ్గుమనును. నీళ్లు సిద్ధపఱచుకొని, కేంద్రమునకుఁ దెలిపి, పిదప విప్పవలెను.

ఇంటిలోని పత్తి

ఆదోని ప్రాంతపు రైతులు ధరకొఱకుఁ గాచుకొని పత్తిని ఇంటిలోనే గదుల నిండ నింపుదురు. ఆ గదిలో వంట చేయుట, సెల్‌ఫోనులు చార్జింగు పెట్టుట, బీడీ కాల్చుట కూడవు. పత్తి నిప్పు మంటగాఁ గనఁబడక లోలోపలనే ప్రాఁకును. 1944 ఏప్రిలు 14వ తేదీన బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అను నోడయందు నిప్పు పత్తిబేళ్ల నడుమనే పుట్టెను. ఆ యోడలోనే ప్రేలుడు పదార్థములుండుటచే నోడ బ్రద్దలై, ఆర్పఁబోయిన సిబ్బందిలో 66 మంది మరణించిరి. వారి స్మరణార్థమే దేశమంతట ఏటేట ఏప్రిలు 14 మొదలు 20 వఱకు అగ్నిమాపక వారోత్సవములు జరుపఁబడుచున్నవి.

నిప్పంటుకొన్నప్పుడు

ఒకఁడు 101కి ఫోను చేసి, ఊరు, మండలము, త్రోవ, కాలుచున్న వస్తువు స్పష్టముగఁ జెప్పవలెను. మఱియొకఁడు రహదారి మలుపుకడ నిలిచి ఫైరింజనుకు దారి చూపవలెను. లైన్‌మనుకుఁ గాని 1912కుఁ గాని తెలిపి కరెంటు నిలుపుదల చేయింపవలెను; అంతవఱకు తీగలపై నీళ్లు చల్లరాదు. పశువుల పలుపులు విప్పఁజాలనిచోఁ గోసివేయవలెను. కాలుచున్న కొట్టములోనికి వస్తువులకై తిరిగి పోరాదు.

అంటుకొన్న వామిని రక్షింపఁబోయి ప్రక్కవామిని మఱచుట మనవారి సామాన్యపు పొరపాటు. గాలి వీచు దిక్కున నున్న కొట్టములపైని, వాములపైని తడిపిన గోనెసంచులు పఱచి, రాలెడి రవ్వల నార్పుట ముందు పని. చేనిలోని పంట కాలుచున్నచో మంటకు ముందుగ, చాలినంత దూరమున, ట్రాక్టరుతో అడ్డముగ నాలుగు సాళ్లు దున్నినచో నిప్పు నిలుచును. పెట్రోలు, నూనె మంటలపై నీళ్లు పనికిరావు, ఇసుకయే మేలు. గ్యాసు వాసన వచ్చినచో రెగ్యులేటరు కట్టి, తలుపులు తెఱచి, దీపపు స్విచ్చి ముట్టక, 1906కుఁ దెలుపవలెను.

బట్టలంటుకొన్న మనిషి పరుగెత్తరాదు. నేలపైఁ బడవేసి కంబళి కప్పి మంట యార్పి, కాలినచోట ఇరువది నిమిషములు చల్లనినీరు పోయుచుండవలెను. నూనె, సిరా, బూడిద పూయరాదు. 108కిఁ గబురు చేయవలెను.

సంఘము చేయఁదగినది

ఈ పనులు ఒక్కని చేతఁ గావు. ఇరువది బకెట్లు, ఏఁబది గోనెసంచులు, పారలు, త్రాళ్లు, కప్పుగడ్డి లాగుటకు కొండి గల పొడుగు గడలు రెండు, టార్చిలైట్లు రెండు సంఘపు గిడ్డంగిలో నుంచినచో వ్యయము స్వల్పము. తాళపుచెవి యెవరియొద్ద నున్నదో ఊరంతయు నెఱిగియుండవలెను. ఎవరికి నీళ్లట్యాంకరు కలదో, ఎవరికి పవరుస్ప్రేయరు కలదో, ఏ బోరున నీరు నిలుచునో వ్రాసి గోడకుఁ దగిలింపవలెను. పంపుసెట్లకు రాత్రివేళ కరెంటుండదు గనుక, వేసవి యంతయు నొక ట్యాంకరు నిండియుండునట్లు వంతులు పెట్టుకొనవలెను. వారోత్సవములలో కేంద్రాధికారిని పిలిపించి యువకులకు నేర్పింపవలెను.

వామి కాలినవానికి ప్రతిసభ్యుఁడును పది మోపుల మేత యిచ్చునట్లు ముందే తీర్మానించుకొన్నచో, ఏ రైతును పశువులను సంతకుఁ దోలుకొని పోవలసిన దుర్గతి యుండదు. పంటభీమా చేసితిమి గదా యని వామికిఁ గూడ భీమా కలదనుకొనరాదు. పత్రము చదివించి తెలిసికొనవలెను. నష్టము జరిగినచో తహసిల్దారుకును అగ్నిమాపక కేంద్రమునకును వెంటనే వ్రాఁతమూలముగఁ దెలుపవలెను.

అప్పు, ఎరువు, విత్తనము కొఱకు మాత్రమే సహకారము కాదు. ఒకని యింటి నిప్పు పదిమంది యిండ్లకు ముప్పు గనుక, దాని నార్పుటయుఁ బదిమంది పనియే. కావున సభ్యు లెల్లరును రాఁబోవు సమావేశముననే యీ విషయమును చర్చించి, వేసవి ముదురకమున్నే తీర్మానము గావింతురుగాక.