రైలుకట్ట చెంత అరగంట

ఒకానొక సంవత్సరము జూనుమాసమున ఒకటవ తరగతిలో పిల్లలను చేర్చుకొనుచుండగా ఒక చిన్నదానిని “మీ నాయన ఏం చేస్తాడమ్మా?” అని అడిగితిమి. “మా నాయన రైలు” అని ఆ బిడ్డ చెప్పినది. తండ్రి రైల్వే ఉద్యోగియేమో యనుకొంటిమి. కాదు. అతడు తెల్లవారకముందే బండియెక్కి బెంగుళూరికి పనికి పోవును. చీకటి పడిన పిమ్మట తిరిగివచ్చును. వారమునకు ఆరు దినములు బిడ్డకు తండ్రి యనగా ఒక కూత, ఒక దీపము, అంతియే. ఆమాట మమ్ము చాలదినములు వదలలేదు. అందుచేతనే ఈ సంచికలో పాఠ్యవిషయములను విడిచి, చిన్నబిడ్డలతో రైలుబండిని చూచుటనుగూర్చి తలిదండ్రులకు నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మన గనుల ప్రాంతమునకు రైలు వచ్చినది 1894లో. బౌరింగుపేటనుండి మారికుప్పమువరకు సుమారు 10 మైళ్ల పొడవున మైసూరు సంస్థానమువారు వేయించిన శాఖామార్గమిది. మైసూరు కమీషనరుగా నుండిన బౌరింగుదొర పేర వెలసిన ఆ పేటయే నేటి బంగారుపేట. గనులకు కావలసిన సరకులను తెచ్చుటకై పుట్టిన ఈ బండి, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత మనుష్యులను పనికి గొనిపోవు బండి యయినది. కోరమాండలు, ఊరిగాము, చాంపియను, మారికుప్పము స్టేషనులలో ప్రొద్దుటిపూట నిలిచి చూచినవారికి ఈసంగతి వేరుగా చెప్పనక్కరలేదు. మన బిడ్డలు రైలును చూచుట వట్టి వేడుక కాదు. వారి యింటి కథలో అది యొక భాగము.

అయితే చూపించు తీరు ఒకటి కలదు. చాలమంది “అదిగో రైలు!” అని చేయిచూపి, బండి దాటిపోగానే ఇంటిదారి పట్టుదురు. బండికి ముందు పది నిమిషములు, వెనుక పది నిమిషములు బిడ్డను అక్కడనే నిలువనిచ్చిన, అసలు మాటలన్నియు అప్పుడే వచ్చును. పట్టాలు దూరమున ఒకదానితో ఒకటి కలిసిపోయినట్లు ఏల కనిపించును? నడుమ రాళ్లెందుకు పోసిరి? అవ్వ “చుకుచుకు పొగబండి” అని పాడును గదా, పొగ ఏదీ? దీనికి మాత్రము జవాబు సులభము. 1990 దశకపు నడిమికే పెద్దపట్టాల మార్గములనుండి ఆవిరియింజనులు తొలగిపోయినవి. పాటలో మాత్రము నిలిచినవి. తాతగారు ఇంట నున్నయెడల కోలారు చిన్నబండిని గూర్చి చెప్పుమని వారిని అడుగుడు. దాని పట్టాల నడుమ వెడల్పు రెండున్నర అడుగులే. మన మార్గమునందు అయిదున్నర అడుగులు. కోలారునుండి చిక్కబళ్ళాపురమునకు పోవు ఆ చిన్నమార్గమును 2013లో పెద్దదిగా మార్చిరి. ఇంటికి వచ్చి ఈ రెండు వెడల్పులను సుద్దతో నేలపై గీచి చూపిన, ఏ పటమును అక్కరలేదు.

ఈమాటలన్నియు తెలుగుననే సాగవలెను. బడిలో తెలుగు నేర్పుట మా పని. కాని బిడ్డ ప్రశ్న పుట్టినచోట దానికి తెలుగున జవాబు చెప్పుట మీకు మాత్రమే సాధ్యము. వీధిలో కన్నడము, అరవము, బజారులో అన్నియు కలసిన భాష వినుచు పెరుగు బిడ్డకు పట్టా, పెట్టె, కూత, కట్ట, గేటు, మలుపు, ఇరుసు అను మాటలు రైలుకట్ట చెంతనే వచ్చును. స్టేషను పేరుపలకపైని కన్నడ అక్షరములను కూడ చూపుడు. ర, న, మ వంటివి మన అక్షరములకు తోబుట్టువులే; తలకట్టు వంపు మాత్రము వేరు. కన్నడమును తెలుగునకు పోటీగా తలచు తలిదండ్రులు కొందరు కలరు. మాకు ఆ భయము లేదు. ఒక లిపి బాగుగా వచ్చిన బిడ్డకు రెండవది సగము వచ్చినట్లే.

గేటునకు కొంతదూరము ముందు పసుపుపచ్చని పలకపై నల్లని అక్షరములతో ‘డబ్ల్యు, ఎల్’ అని యుండును. అది డ్రైవరును కూత వేయుమని చెప్పు గుర్తు. “ఇప్పుడు కూత వేస్తాడు చూడు” అని ముందుగా చెప్పి, బండి అట్లే కూసినపుడు బిడ్డ ముఖమును చూడవలసినదే. ఆ కూతలో మరియొక వింత కలదు. దగ్గరకు వచ్చునపుడు సన్నగా హెచ్చుగా వినబడి, మనలను దాటగానే ఒక్కసారి దిగి బొంగురుపోవును. డ్రైవరు దానిని మార్చలేదు. ఎదుటికి వచ్చు బండి ముందున్న ధ్వనితరంగములు దగ్గరకు నొక్కుకొనును, వెనుకవి సాగును. డాప్లరు అను పండితుడు ఇట్టిది జరుగునని 1842లో ఊహించెను. 1845లో హాలండుదేశమున బైస్ బాలట్ అను శాస్త్రజ్ఞుడు ఊదుకొమ్ముల వాద్యగాండ్రను రైలెక్కించి, సంగీతము తెలిసినవారిని కట్టప్రక్కన నిలిపి దానిని పరీక్షించెను. అయిదేండ్ల బిడ్డకు ఈ పేర్లు చెప్పనక్కరలేదు. “విన్నావా, గొంతు మారింది” అనిన చాలును.

బండి పోయినదని మరలిపోవద్దు. సామాన్యముగా చివరిపెట్టె వెనుక పెద్ద అడ్డగుణకపు గుర్తు, ‘ఎల్, వి’ అను చిన్నపలక, రాత్రియందు ఎర్రదీపము ఉండును. స్టేషనువారు దానిని చూచినపుడే బండి మొత్తము వచ్చినదని, నడుమ ఏ పెట్టెయు తెగి మార్గమున నిలిచిపోలేదని తెలిసికొని, వెనుకబండికి దారి యిత్తురు. మా రెండవ తరగతి పిల్లలు ఈసంగతి తెలిసినప్పటినుండి ఇంజనుకంటె చివరిపెట్టె కొరకే ఎక్కువగా కాచుకొందురు.

ఇక కఠినముగా చెప్పవలసిన మాట. కొన్ని సంవత్సరములక్రిందట మా బాలుడొకడు బడికి ఆలస్యమగునని పట్టాలపైనుండి అడ్డదారిన వచ్చి, వెంట్రుకవాసిలో తప్పించుకొనెను. “బండి మెల్లగా వస్తా ఉండింది సార్” అని వాడు చెప్పినది అబద్ధము కాదు. పెద్దవస్తువు నిజవేగముకంటె మెల్లగా వచ్చుచున్నట్లు మన కంటికి తోచును. రైల్వేగేట్ల ప్రమాదములకు ఇది కారణము కావచ్చునని అమెరికాదేశపు మనశ్శాస్త్రజ్ఞుడు లైబోవిట్జ్ 1985లో వ్రాసెను. గంటకు 100 కిలోమీటర్ల వేగమున వచ్చు బండి 300 మీటర్లను 11 సెకండ్లలో దాటును. నిలుపవలెనన్న దానికి ఇంచుమించు కిలోమీటరు కావలెను. పెద్దవారి కన్నే మోసపోవునపుడు పసిబిడ్డ మాట యేమి?

కావున కంచె వెలుపలనో, మెట్లవంతెనపై కమ్మీలకు వెనుకనో, ప్లాట్‌ఫారముమీద నయిన గోడప్రక్కనో నిలువుడు. బిడ్డ చేయి మీచేత నుండవలెను; చరవాణి సంచిలో నుండవలెను. పై తీగెలలో 25,000 వోల్టుల విద్యుత్తు పారును గనుక గాలిపటము, పొడుగుకఱ్ఱ వెంట తేవలదు. పట్టాలు దాటుట 1989 నాటి రైల్వేచట్టము 147వ విభాగముక్రింద నేరము. ఆరు నెలలవరకు ఖైదు గాని, వేయిరూపాయలవరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. అయినను చట్టముకన్న మీ నడక ముఖ్యము. మీరు పట్టాలపైగా అడ్డదారి నడచి, బిడ్డను మాత్రము వంతెనయెక్కుమనిన వాడు ఎక్కడు.

ఆదివారము సాయంకాలము ఇందుకు అనువైన వేళ. ఆ దినము తండ్రియే బిడ్డను తీసికొనిపోవుట మేలు. వారమంతయు తాను లోపలనుండి చూచు బండిని, ఆ యొక్కదినము బిడ్డతో వెలుపలనుండి చూచును. తాను ఏ పెట్టెలో కూర్చుండునో, ఏ కిటికీనుండి మన ఇంటిదిక్కు కనబడునో చెప్పగలడు. మేము పైన చెప్పిన చిన్నదాని తండ్రి అట్లే చేసెనట. ఇప్పుడా పిల్ల రాత్రిబండి కూత విని, “నాయన మూడో పెట్టెలో ఉన్నాడు” అని అవ్వకు చెప్పి, వాకిటనే కూర్చుండి ఎదురుచూచునట.