జాకీ కింద దిమ్మ

ట్రాక్టరు నుంచి విప్పిన రెండు చక్రాల ట్రక్కు తనంతట తాను సమంగా నిలబడలేదు. వెనక బరువు చక్రాలు మోస్తాయి. ముందు బరువు కొక్కెం దగ్గరున్న జాకీ మీద పడుతుంది. ఆ జాకీ అడుగు అరచేయంతే ఉంటుంది. గట్టి రోడ్డు మీద ఇబ్బంది లేదు గానీ, దున్నిన తోటలో అది నెమ్మదిగా నేలలోకి దిగబడుతుంది. అందుకే జాకీ కింద దిమ్మ పెడతారు.

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాల మామిడి తోటల్లో ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఈ అవసరం రోజూ పడుతుంది. ఒకే ట్రాక్టరుకు రెండు ట్రక్కులుంటే, ఒకదాన్ని చెట్ల మధ్య విప్పి వదిలి, కాయ నిండిన రెండోదాన్ని తగిలించుకుని వెళ్లిపోతారు. విప్పిన ట్రక్కులోకి కూలీలు ఎక్కుతారు, దిగుతారు, బంగినపల్లి కాయల పెట్టెలు పేరుస్తారు. బరువు ముందుకు చేరితే జాకీ మీద భారం పెరుగుతుంది. వెనక్కి చేరితే కొక్కెం గాల్లోకి లేస్తుంది. దిమ్మ ఎంత మంచిదైనా ఈ రెండో ప్రమాదాన్ని ఆపలేదు. పెట్టెలను ఇరుసుకు అటూ ఇటూ సమంగా సర్దడమే దానికి మందు.

దిమ్మ చేసే మొదటి పని బరువును పరచడం. జాకీ అడుగు పది సెంటీమీటర్ల చదరం, దాని మీద 600 కిలోల భారం అనుకుంటే, ఒక్కో చదరపు సెంటీమీటరు నేల ఆరు కిలోలు మోయాలి. ముప్పై సెంటీమీటర్ల చదరపు దిమ్మ పెడితే అదే బరువు తొమ్మిది రెట్ల నేల మీదికి పరుచుకుని, చదరపు సెంటీమీటరుకు ముప్పావు కిలో కూడా పడదు. అయితే దిమ్మ మందంగా ఉండాలి. పలచని పలక నడుమ వంగిపోతుంది, భారం మళ్లీ మధ్యలోనే గుచ్చుకుంటుంది. గాలివాన పడి పాదుల చుట్టూ నేల నానిన రోజున ఈ తేడా కళ్లకు కడుతుంది.

రెండో పనిని చాలామంది పట్టించుకోరు. జాకీ ఎంత పొడవు సాగితే అంత ఊగుతుంది. కింద దిమ్మ పెట్టి ఎత్తు పెంచితే జాకీ కొద్దిగా సాగితే చాలు, పక్కనుంచి వచ్చే తోపుకు గట్టిగా నిలుస్తుంది. కాబట్టి నేల గట్టిగా ఉన్న చోట కూడా దిమ్మతో పని ఉంది.

దేనితో చేసిన దిమ్మ మంచిది? కలపే. కలప భారానికి ముందు నలుగుతుంది, కిర్రుమంటుంది, చీలిక కనబడుతుంది. పక్కకు తప్పుకోవడానికి మనిషికి వ్యవధి ఇస్తుంది. ఇటుక, బోలు సిమెంటు దిమ్మ ఏ హెచ్చరికా లేకుండా ఒక్కసారిగా పగులుతాయి. బోలు దిమ్మను రంధ్రాలు పక్కకు వచ్చేలా పడుకోబెడితే ఇంకా బలహీనం. తోట గట్టున సులువుగా దొరుకుతాయి కాబట్టి వీటినే వాడుతుంటారు. అది మానుకోవలసిన అలవాటు. నాపరాయి పలక కింద నేల ఎగుడుదిగుడుగా ఉంటే నడుమకు విరుగుతుంది.

కలపలోనూ తేడాలున్నాయి. బండి చక్రాలకూ నాగళ్లకూ తరతరాలుగా వాడిన నల్లతుమ్మ ఈ పనికి బాగా తగినది. పాత రైలు పట్టాల కింది చెక్క స్లీపరు ముక్క దొరికితే మరీ మంచిది. మామిడి చెక్క ఊరినిండా ఉంటుంది, ఎండినది ఒక కాపుకాలం పనికొస్తుంది. కానీ తేమకు కుళ్లుతుంది, చెదపురుగు త్వరగా పడుతుంది. తాటిమొద్దు అంచున ఇనుములా ఉండి, లోపల మెత్తగా ఉంటుంది. జాకీ అడుగు ఆ మెత్తని నడుమనే కూర్చుంటుంది కాబట్టి అది వద్దు. సర్వి గుంజల ముక్కలు గుండ్రంగా ఉండి దొర్లుతాయి.

ఒక దిమ్మ ఎత్తు చాలకపోతే పేర్పు కట్టాలి. కింద వరుస తూర్పు పడమరలుగా వేస్తే, దాని పై వరుస ఉత్తర దక్షిణాలుగా వేయాలి. విడిగా పేర్చిన పేర్పు ఎత్తు దాని అడుగు వెడల్పును దాటకుండా చూసుకోవడం క్షేమం. దుంగను నిలువుగా నిలబెట్టకూడదు, ఒరిగిపోతుంది. దిమ్మ పెట్టేముందు ఆకులు, రాళ్లు తీసి నేల చదును చేయాలి. ఇనుముకూ చెక్కకూ మధ్య పాత టైరు ముక్క వేస్తే జారదు. ఇవన్నీ కొక్కెం విప్పకముందే జరగాలి. అంతకంటే ముందు రెండు చక్రాలకూ ముందూ వెనకా అడ్డుచెక్కలు పెట్టాలి. చక్రం కదిలితే దిమ్మ మీది జాకీ పక్కకు ఒరుగుతుంది.

అమెరికాలో సెలవులకు కారు వెనక ట్రావెల్ ట్రైలర్ తగిలించుకుని అడవుల్లో విడిది చేసేవారికీ ఈ సూత్రాలే వర్తిస్తాయి. అక్కడ ముందరి జాకీతో పాటు నాలుగు మూలలా స్టెబిలైజర్ జాకీలుంటాయి. అవి లోపల నడిచేటప్పుడు బండి ఊగకుండా ఆపడానికే గానీ, బండిని పైకెత్తడానికి కావు. వాటితో ఎత్తబోతే జాకీ వంగుతుంది, బండి చట్రం మెలిపడుతుంది. బండి ఒక పక్కకు వాలి ఉంటే చక్రాన్ని పలకల మీదికి ఎక్కించి సమం చేసి, అడ్డుచెక్కలు పెట్టి, కారు విప్పాక, చివరికి దిమ్మల మీదికి స్టెబిలైజర్లను దించుతారు. ఒకదానిలో ఒకటి ఇమిడే ప్లాస్టిక్ దిమ్మలు అక్కడ అమ్ముతారు. అవి తేలిక, తడికి చెడవు. కంకర నేల మీద మాత్రం వాటి కింద ఒక చెక్క పలక వేయడం మేలు.

కాపుకాలం మొదలయ్యేటప్పుడు దిమ్మను ఒకసారి తిరగేసి చూడాలి. చీలిక గానీ చెద గానీ కనిపిస్తే దాన్ని పొయ్యిలోకి పంపి కొత్తది కోయించాలి. దిమ్మ ఎంత గట్టిదైనా, జాకీ మీద నిలిచిన ట్రక్కు కిందికి మాత్రం ఎవరూ దూరకండి, పిల్లల్ని అసలే దూరనివ్వకండి.