నాటు వేసే చేయి – మణికట్టు ఆరోగ్యం

నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో వరి సాగును ఎకరాలలోను, క్వింటాళ్లలోను లెక్కించడం పరిపాటి. ఆ పంట చేతులపై మోపే భారం ఎంతన్న లెక్క అరుదుగా వినిపిస్తుంది. వానాకాలంలో చదరపు మీటరుకు 33 కుదుళ్లు ఉండాలన్నది సిఫారసు. ఎకరం సుమారు 4,047 చదరపు మీటర్లు గనుక కుదుళ్లు 1.33 లక్షలు. పది మంది కూలీలు ఆ ఎకరాన్ని ఒక్క రోజులో నాటితే, ఒక్కొక్కరి బొటనవేలు 13 వేల సార్లకు పైగా బురదలో దిగాలి. యాసంగిలో సిఫారసు 44 కుదుళ్లు. అప్పుడు ఆ సంఖ్య 17 వేలు దాటుతుంది. నాట్లు పలుచగా పడుతున్నాయని విస్తరణ సిబ్బంది తరచు చింతిస్తుంటారు. ఆ పలుచదనానికి అలసిన చేయి కూడా ఒక కారణం కావచ్చు.

ఎడమ చేతిలో నారుకట్ట పట్టి, బొటనవేలితో మొక్కలను విడదీసి, కుడిచేతి వేళ్లతో గుచ్చే ఈ పనిలో మణికట్టు గంటల తరబడి వంగి ఉంటుంది. బొటనవేలిని కదిలించే స్నాయుబంధనాలు వాటి తొడుగులో ఒరుసుకొని వాస్తాయి. 1895లో స్విట్జర్లాండ్ శస్త్రవైద్యుడు డి కెర్వాన్ వివరించిన వ్యాధి ఇదే. మణికట్టులోని ఇరుకైన మార్గంలో మధ్యమ నాడి నొక్కుకుపోతే బొటన, చూపుడు, మధ్య వేళ్లకు తిమ్మిర్లు పడతాయి. దీనిని కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు.

ఈ బాధ పొలానికే పరిమితం కాదు. మిర్యాలగూడ రైస్ మిల్లులలో బస్తాలు ఎత్తే హమాలీకి, సూర్యాపేట, కోదాడ కార్యాలయాలలో కీబోర్డు ముందు కూర్చునే ఉద్యోగికి కూడా ఇది రావచ్చు. బలప్రయోగం, వంగిన మణికట్టు, విరామం లేని పునరావృతి అన్నవే మూల కారణాలు. వీటిలో ఏవి రెండు కలిసినా ముప్పు పెరుగుతుంది. రాతపనివారి చేతి బాధకు ఎడతెగని ఒకే రకం కదలిక కారణమని ఇటలీ వైద్యుడు రామజ్జిని 18వ శతాబ్ది ఆరంభంలోనే గుర్తించాడు.

రాత్రివేళ తిమ్మిరితో మెలకువ రావడం, చేయి విదిలిస్తే ఉపశమనం కలగడం తొలి సూచనలు. పట్టు తప్పి వస్తువులు జారిపోవడం, బొటనవేలి మొదట కండ తగ్గడం ముదిరిన దశకు గుర్తులు. దీనిని రక్తహీనతగానో, వయసు ప్రభావంగానో భావించి ఉపేక్షించరాదు. మధుమేహం, థైరాయిడ్ లోపం ఉన్నవారికి, గర్భిణులకు ముప్పు అధికం. వారు త్వరగా వైద్యుని సంప్రదించాలి.

నివారణ చాలావరకు వ్యవసాయ శాస్త్రం పరిధిలోనే ఉంది. నారు పీకే ముందు మడికి నీరు పెడితే వేళ్లపై లాగుడు తగ్గుతుంది. నారు పీకడం, అందించడం, నాటడం వంటి పనులను కూలీలు వంతులవారీగా మార్చుకోవాలి. తేలికైన, నొక్కుల అంచు గల కొడవలి కోతలో శ్రమను తగ్గిస్తుంది. అనువైన నేలల్లో డ్రమ్ సీడర్ గాని, నాటు యంత్రం గాని ఆ వేల కదలికలనే తప్పిస్తుంది. కార్యాలయాలలో మణికట్టు నిటారుగా ఉండేలా బల్ల ఎత్తు సరిచేసి, మధ్యమధ్య చేతికి విశ్రాంతినివ్వాలి.

గడ్డిపల్లి, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రాల వంటి సంస్థలు పరికరాల ప్రదర్శనలలో ఆదా అయిన కూలీ ఖర్చుతోపాటు తగ్గిన చేతి కదలికలను కూడా నమోదు చేయడం అవసరం. కుదుళ్ల సాంద్రతను సిఫారసు చేసే శాస్త్రం, వాటిని నాటే చేతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.