ఏ కాలపు జగజ్జెట్టి గొప్పవాడు?

నలుగురు కూడిన చోట ఎంతకూ తెగని తగవులు కొన్ని ఉంటాయి. కర్ణుడు గొప్పవాడా, అర్జునుడు గొప్పవాడా అన్నది వాటిలో ఒకటి. ఆ ఇద్దరూ ఒకే కాలంలో పుట్టారు, ఒకే యుద్ధంలో తలపడ్డారు. అయినా తగవు తీరలేదు. అటువంటప్పుడు ఒకరి ముఖం ఒకరు ఎరుగని వీరులను తెచ్చి ఎదురెదురుగా నిలబెట్టి, ఎవరు గెలుస్తారో చెప్పమంటే ఏమి చెప్పగలం? ముష్టియుద్ధపు లోకంలో, అందులోనూ హెవీవెయిట్ తరగతిలో, ఈ ప్రశ్న నూరేళ్లకు పైగా నలుగుతూనే ఉంది.

ఈ ఆటలో జట్టు లేదు, బ్యాటు లేదు, బంతి లేదు. నాలుగు తాళ్ల మధ్య ఇద్దరు మనుషులు, నాలుగు చేతులు, అంతే. అందువల్ల ఊహించుకోవడం సులభం. 1937 నుంచి 1949 వరకు బిరుదు నిలుపుకొని, దానిని 25 సార్లు కాపాడుకొన్న జో లూయీ ఎదుట మహమ్మద్ అలీని నిలబెడితే? ఆడిన 49 పోటీలూ గెలిచి, 1956లో ఓటమి ఎరుగకుండా తప్పుకొన్న రాకీ మార్సియానో మీదికి మైక్ టైసన్‌ను వదిలితే? ఊహకు టిక్కెట్టు అక్కరలేదు కదా!

లెక్క వేయబోతేనే చిక్కులు మొదలవుతాయి. 1889లో జాన్ సలివన్ ఉత్తచేతులతో కిల్రెయిన్‌తో 75 రౌండ్లు పోరాడాడు. అప్పటి నియమం ప్రకారం మనిషి నేలపడితేనే రౌండు ముగిసేది. 1915లో జాక్ జాన్సన్ హవానాలో 26వ రౌండులో ఓడిపోయాడు. ఆ పోటీని 45 రౌండ్లకు ఏర్పాటు చేశారు. అలీ కాలానికి అవి 15 అయ్యాయి, ఇప్పుడు 12. మరి సలివన్‌నూ టైసన్‌నూ కలిపితే ఎవరి నియమాలు పాటించాలి?

బరువు సంగతి చూద్దాం. మార్సియానో సుమారు 185 పౌండ్లు ఉండేవాడు. ఈనాడు 200 పౌండ్ల లోపువారికి క్రూయిజర్ వెయిట్ అనే వేరే తరగతి ఉంది. అంటే ఆ మహావీరుడిని ఈనాటి తూకంలో నిలబెడితే హెవీవెయిట్‌కే చాలడు! పోనీ, పెద్దవాడిదే గెలుపు అనుకొందామా అంటే అదీ కుదరదు. 2024 మే 18న రియాద్‌లో 6 అడుగుల 9 అంగుళాల టైసన్ ఫ్యూరీని, అతడికంటె అరడుగు పొట్టివాడైన ఉసిక్ ఓడించాడు.

ఈ తగవును యంత్రం చేత తీర్పించాలని 1967లో మయామీకి చెందిన మరే వరోనర్ అనే రేడియో నిర్మాతకు ఆలోచన వచ్చింది. బాక్సింగు విలేఖరులను అడిగి, అన్ని కాలాల నుంచి 16 మంది యోధులను ఎంచాడు. ఒక్కొక్కరి వేగానికి, దెబ్బ బలానికి, ఓర్పుకు అంకెలు కట్టి కంప్యూటరుకు ఇచ్చాడు. యంత్రం చెప్పిన ఫలితాలను, ఎదుటే పోటీ జరుగుతున్నట్లు జనఘోషతో సహా రేడియోలో వినిపించాడు. చివరి పోటీలో మార్సియానో జాక్ డెంప్సీని పడగొట్టి సర్వకాల జగజ్జెట్టి అయ్యాడు. ఆ సమయానికి బ్రతికి ఉన్న మేటి యోధుడు అలీ క్వార్టర్ ఫైనల్లోనే జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడినట్లు యంత్రం తేల్చింది.

ఈ తీర్పు అలీకి ఎందుకు అంతగా నొప్పి కలిగించిందో తెలియాలంటే కొంత వెనుకకు వెళ్లాలి. జెఫ్రీస్ తాను జగజ్జెట్టిగా ఉన్నంత కాలమూ నల్లజాతివారితో బిరుదు పోటీకి ఒప్పుకోలేదు. 1905లో అజేయుడుగా విరమించాడు. 1908లో సిడ్నీలో జాక్ జాన్సన్ టామీ బర్న్స్‌ను ఓడించి తొలి నల్లజాతి జగజ్జెట్టి కాగానే, తెల్లవారి పరువు నిలబెట్టమని అమెరికాలో కొందరు జెఫ్రీస్‌ను తిరిగి బరిలోకి లాగారు. 1910 జూలై 4న రీనో పట్టణంలో జాన్సన్ అతడిని 15వ రౌండులో చిత్తు చేశాడు. ఆ రాత్రి అనేక నగరాలలో అల్లర్లు చెలరేగి ప్రాణాలు పోయాయి.

ఇక అలీ సంగతి. 1967 ఏప్రిల్‌లో వియత్నాం యుద్ధానికి వెళ్లే సైన్యంలో చేరనన్నందుకు అతడి బిరుదు లాగివేశారు, ఆడే అనుమతి రద్దు చేశారు. బరిలో అతడిని ఎవరూ ఓడించలేదు. అటువంటి మనిషిని కాగితం మీద ఓడించారు, అదీ జెఫ్రీస్ చేతిలో! అలీ పరువునష్టం కింద పది లక్షల డాలర్లకు దావా వేశాడు.

దావా రాజీకి వచ్చింది. మార్సియానోతో ఒక ఉత్తుత్తి పోటీ చిత్రంలో నటించడానికి అలీ అంగీకరించాడు. 1969లో మయామీలోని ఒక స్టూడియోలో తలుపులు మూసి చిత్రీకరించారు. మార్సియానోకు అప్పటికి 45 ఏళ్లు. 13 ఏళ్లుగా బరికి దూరమైనవాడు ఎంతో శ్రమపడి బరువు తగ్గించుకొన్నాడు, బట్టతలకు విగ్గు పెట్టుకొన్నాడు. ఒక్కొక్క నిమిషం చొప్పున డెబ్భై దాకా రౌండ్లు ఆడి, వేరువేరు ముగింపులు తీశారు. ఏది అసలు ముగింపో ఇద్దరికీ చెప్పలేదు. ఆ చిత్రం చూసుకొనే యోగం మార్సియానోకు లేకపోయింది. 1969 ఆగస్టు 31న, తన 46వ పుట్టినరోజుకు ముందునాడు, విమాన ప్రమాదంలో మరణించాడు.

1970 జనవరి 20న ఆ చిత్రం విడుదలయింది. అమెరికా ప్రేక్షకులు 13వ రౌండులో మార్సియానో గెలవడం చూశారు. ఆ యంత్రం అలబామాలో తయారై ఉంటుందని అలీ వేళాకోళం చేశాడట. నల్లవారిని వేరుపెట్టడంలో అలబామా రాష్ట్రం పేరుమోసింది మరి! అయితే ఐరోపాలో చూపిన ముగింపు వేరు. అక్కడ మార్సియానో ముఖం మీది గాయాల వల్ల పోటీ ఆపివేసి అలీయే గెలిచాడని ప్రకటించారు. సముద్రానికి ఈవల ఒక విజేత, ఆవల ఇంకొక విజేత!

ఇది చదివి మనం నవ్వుకోనక్కరలేదు. ఊహా యుద్ధాలలో మనం ఎవరికీ తీసిపోము. వ్యాసభారతంలో లేని కృష్ణార్జునుల పోరును చిలకమర్తివారు "గయోపాఖ్యానం" నాటకంగా రాస్తే తెలుగువారు పద్యాలు కంఠతా పట్టి ఆడారు. 1963లో "శ్రీకృష్ణార్జున యుద్ధం" సినిమాలో రామారావుగారు కృష్ణుడుగా, నాగేశ్వరరావుగారు అర్జునుడుగా నిలిచారు. కాని మన కథలో పోరు మధ్యలో ఆగుతుంది, ఓడినవాడు ఉండడు. ఇద్దరి గొప్పతనమూ చూశాక తీర్పు అక్కరలేదని మనవారు గ్రహించారు. పైగా ఇరుపక్షాల అభిమానులూ క్షేమంగా ఇంటికి చేరాలి కదా!

నిజపు బరిలో రెండు తరాలు ఎదురుపడిన సందర్భాలూ లేకపోలేదు. 1951లో 37 ఏళ్ల జో లూయీని, అతడిని ఆరాధిస్తూ పెరిగిన మార్సియానో 8వ రౌండులో పడగొట్టాడు. 1980లో 38 ఏళ్ల అలీ, ఒకప్పుడు తనకు సాధనలో తోడుగా ఉన్న లారీ హోమ్స్ చేతిలో దెబ్బలు తిని, 10 రౌండ్ల తరువాత లేవలేకపోయాడు. ఇవి తరాల పోలికకు పనికిరావు. వయసు ఎవరినైనా ఓడిస్తుందని మాత్రం చెబుతాయి. దానికీ ఒక మినహాయింపు ఉంది. 1994లో 45 ఏళ్ల జార్జి ఫోర్‌మన్, 26 ఏళ్ల మూరర్‌ను 10వ రౌండులో పడగొట్టి, 20 ఏళ్ల క్రితం అలీకి పోగొట్టుకొన్న బిరుదును మళ్లీ అందుకొన్నాడు.

అంకెలు పట్టుకోలేనిది ఇంకొకటి ఉంది. 1990 ఫిబ్రవరి 11న టోక్యోలో అజేయుడైన టైసన్ ఎదుట బస్టర్ డగ్లస్ నిలిచాడు. పందెంరాయుళ్లు 42కు 1 అన్నారు. ఏ యంత్రాన్ని అడిగినా టైసన్ పేరే చెప్పేది. పోటీకి కొద్ది వారాల ముందే డగ్లస్ తల్లి కన్నుమూసింది. ఆ దుఃఖంతోనే బరిలోకి దిగినవాడు, 8వ రౌండులో నేలపడి కూడా లేచి, 10వ రౌండులో టైసన్‌ను పడగొట్టాడు. ఆ రాత్రి అతడి గుండెలో ఉన్నదానికి ఎన్ని అంకెలు వేయాలి?

కనుక ఏ కాలపు జగజ్జెట్టి గొప్పవాడన్న ప్రశ్నకు జవాబు లేదు. ఉండనక్కరలేదు కూడా. దానికంటె బాధపడవలసినవి జరగడానికి వీలుండీ జరగని పోటీలు. డెంప్సీ 1919 నుంచి 1926 వరకు జగజ్జెట్టిగా ఉన్నాడు. అదే కాలంలో హారీ విల్స్ అనే నల్లజాతి యోధుడు ఆ బిరుదుకు పోటీపడే అవకాశం కోసం ఏళ్ల తరబడి కాచుకొన్నాడు. ఒక దశలో ఒప్పందంపై సంతకాలు కూడా అయ్యాయి. పోటీ మాత్రం జరగనేలేదు. ఇద్దరూ ఒకే దేశంలో, ఒకే కాలంలో బ్రతికారు. వారి మధ్య అడ్డుగా నిలిచింది చర్మం రంగు. అలీకి 25 నుంచి 28 ఏళ్ల మధ్య మూడున్నర సంవత్సరాలు ఆట లేకుండా పోయింది. 1971లో సుప్రీంకోర్టు అతడి శిక్షను కొట్టివేసింది గాని, ఆ కాళ్ల చురుకును తిరిగి ఇవ్వగల కోర్టు ఏది?

ఈసారి మీ ఇంట ఈ తగవు వస్తే సరదాగా వాదించుకోండి. తాతగారు లూయీ పక్షం వహించవచ్చు, మనవడు టైసన్ పక్షం వహించవచ్చు. వాదన ముగిశాక పిల్లలకు ఒక్క మాట చెప్పండి. జగజ్జెట్టి అన్న బిరుదు వెనుక, బరిలోకి అడుగు పెట్టనివ్వని వారి పేర్లు కూడా ఉంటాయి. వారిలో హారీ విల్స్ పేరు ఒకటి గుర్తుంచుకోమనండి.