తరంగముల తూములు

మన యిండ్లలోని రేడియో పెట్టెకు శబ్దమును హెచ్చించు మర, కేంద్రమును వెదకు మరలతోపాటు బ్యాండును మార్చు మర కూడ నుండుట మీరెరిగినదే. దానిని మీడియం వేవునుండి షార్టు వేవునకు త్రిప్పినప్పుడు లోపలి తీగచుట్టలలో ఒక జట్టు తొలగి, మరియొక జట్టు ఏరియలుతో కలియును. అతివేగముగా కంపించు విద్యుత్తును ఒక దారినుండి వేరొక దారికి మరల్చు స్విచ్చి యన నిదియే. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైన కాలమున, కరెంటు లేని పల్లెలకు బ్యాటరీ సెట్లే గతి. ఆ సెట్లలో సయితము బ్యాండు మరకు బ్యాటరీ ఖర్చు లేదు. త్రిప్పు చేయియే దానికి శక్తి.

నేడు త్రిప్పుటకు చేయి లేనిచోట ఇదే పని జరుగవలసియున్నది. మాచర్ల ప్రాంతమున ఒక మిరపచేనిలో నేలతేమను కొలిచి, ఆ అంకెను రేడియో ద్వారా రైతు యింటికి పంపు చిన్న యంత్రము నుంచితి మనుకొందము. మన దేశమున 865-867 మెగాహెర్ట్జుల నడుమ, నియమిత శక్తికి లోబడి, లైసెన్సు లేకయే ఇట్టివి వాడవచ్చును. దీనికి ఏరియలు ఒక్కటే. పంపుట, వినుట అను పనులు రెండు. కావున నడుమ నొక స్విచ్చి వలయును. బ్యాటరీ అకాలమున అణగారినచో రైతునకు కబురందదు. నీరు పెట్టవలసిన దినము తప్పిపోవచ్చును.

ఈ స్విచ్చిని సాగరు కుడికాలువ తూముతో పోల్చి చూడుడు. తెరచినప్పుడు నీరంతయు పారవలెను, మూసినప్పుడు కారరాదు. తెరచిన దారిలో 1 డెసిబెల్ నష్టమైనచో శక్తిలో సుమారు అయిదవ వంతు పోయినట్లే. 3 డెసిబెల్లులైనచో సగము పోవును. మూసిన దారి 20 డెసిబెల్లులు అడ్డగించినచో నూరవ వంతు మాత్రమే కారును. 30 అయినచో వేయింట నొక వంతు. సాధారణముగా కంపనసంఖ్య పెరిగినకొలది ఈ గుణములు క్షీణించును. కనుక మన తరంగమునకు సరిపడు అంకెలనే చూచి ఎన్నుకొనవలెను.

ఇక మూడవది లస్కరు జీతము. పిన్ డయోడు తెరచియున్నంతసేపు దానిలో కరెంటు పారుచుండవలెను; తలుపును మనిషి పట్టుకొని నిలిచినట్లన్నమాట. నిరంతరము 10 మిల్లీ ఆంపియర్లు లాగినచో 2,000 మిల్లీ ఆంపియర్ గంటల బ్యాటరీ 200 గంటలకు, అనగా ఎనిమిది దినములు దాటగనే, తీరిపోవును. ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టరుతో చేసిన స్విచ్చికి వోల్టేజియే చాలును. అది 5 మైక్రో ఆంపియర్లు తీసికొన్నచో లెక్కకు నాలుగు లక్షల గంటలు వచ్చును; అంతకు చాల ముందే బ్యాటరీ వయసు ముగియును. అట్లని పిన్ డయోడును త్రోసిపుచ్చరాదు. అధికశక్తిని పంపవలసినచోట అది మిగుల ఉపయోగకరము. పంపు కొద్ది క్షణములే పనిచేయునట్లు అమర్చినచో దాని ఖర్చు స్వల్పము.

ఎన్నిక ఎంత ముఖ్యమో నడపుటయు నంతే ముఖ్యము. పంపుటకు ముందే దారి మార్చి, స్విచ్చి కుదురుకొనుటకు వలయు మైక్రోసెకనులు ఆగి, పిదప పంపవలెను. పంపుట నిలిచిన తరువాతనే దారి మరల మార్చవలెను. యంత్రము నిద్రించునప్పుడు ఆజ్ఞాతీగలను గాలికి వదలరాదు. చిన్న రెసిస్టరుతో భూమికి కలిపినచో అవి నిశ్చితస్థితిలో నుండును. స్విచ్చికి కరెంటు ఆపి, ఆజ్ఞాతీగపై మాత్రము వోల్టేజి నిలిపినచో దొంగదారిన కరెంటు కారవచ్చును. రెండును కలిసియే ఆగవలెను. బ్యాటరీ నీరసించి 3 వోల్టులనుండి 2.4కు దిగినను ఆ స్విచ్చి సరిగా మారునా యని ముందే పరీక్షింపవలెను.

నరసరావుపేటలో ఇంజనీరింగు చదువు విద్యార్థులెవరైన ఇట్టి యంత్రమును నిర్మింపబూనినచో, మొదట కాగితముపై దినమునకు ఎన్ని క్షణములు పంపును, ఎన్ని క్షణములు వినును, ఎంతసేపు నిద్రించును అని వ్రాసికొని, ఒక్కొక్కదాని కరెంటును లెక్కించి, పిదప స్విచ్చిని కొనుట మేలు.