గుప్పిట్లో పాలవెల్లి

జేబులో ఉన్న ఫోనుతోనే పాలపుంతను ఫొటో తీయొచ్చు. కదలని చోటు, కాస్త చీకటి, నాలుగు నిమిషాల ఓపిక ఉంటే చాలు. ఈ మూడింటిలో మనకు రోజురోజుకూ కరవవుతున్నది చీకటి.

గండికోటలో తెల్లవారుజాము నాలుగు కావస్తోంది. మార్చి నెల, అమావాస్య దాటి రెండు రోజులు. కొంచెం దూరంలో పెన్నా లోయ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియనంత నల్లగా ఉంది. తూర్పున జమ్మలమడుగు దీపాల వెలుగు నేలకూ ఆకాశానికీ మధ్య పసుపు మరకలా అంటుకుంది. మా పాప ఆగ్నేయం వైపు చెయ్యి చూపించి అడిగింది: "నాన్నా, ఆ మబ్బు ఎంతసేపటికీ చెదిరిపోదేం?"

నేను జవాబు చెప్పలేదు. ఫోనును ఒక బండరాతికి ఆనించి, జారిపోకుండా కింద బియ్యం నింపిన చిన్న గుడ్డసంచి పెట్టి, టైమరు నొక్కి చెయ్యి తీసేశాను. తెర మీద నాలుగు నిమిషాల లెక్క మొదలైంది. ఫోను ముట్టుకోకూడదు కాబట్టి ఇద్దరం వెల్లకిలా పడుకుని పైకి చూస్తూ ఉండిపోయాం.

లెక్క పూర్తయ్యాక పాప ఫొటో చూసి కాసేపు మాట్లాడలేదు. తను మబ్బనుకున్నది ఫొటోలో వేల చుక్కలుగా విడిపోయింది. నడుమ నల్లటి ధూళి చారలు. పక్కన వృశ్చికం గుండెలో జ్యేష్ఠ ఎర్రగా మెరుస్తోంది. "వినాయక చవితికి దేవుడి తల మీద పాలవెల్లి కడతాం కదా, ఇదే ఆ పాలవెల్లి" అన్నాను. పాప ఫోను నా చేతికిచ్చేసి మళ్లీ పడుకుంది. ఈసారి ఆకాశంలో ఆ చారలను వెతకడం మొదలుపెట్టింది.

కంటి కన్నా చిన్న కన్ను

ఫోను కెమెరా మన కన్నా గొప్పగా చూస్తుందని చాలామంది అనుకుంటారు. లెక్క చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. చీకటికి అలవాటు పడిన యువకుడి కంటిపాప సుమారు 7 మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది. ఫోను ప్రధాన కెమెరాలో వెలుగు దూరే ద్వారం దాదాపు 4 మిల్లీమీటర్లు. సూక్ష్మతలో మాత్రం రెండూ సమానమే. డిగ్రీలో అరవయ్యో వంతు ఎడం ఉన్న రెండు చుక్కలను ఆరోగ్యమైన కన్ను విడదీసి చూడగలదు. 12 మెగాపిక్సెళ్ల ఫోను ఫొటోలో ఒక్కో పిక్సెల్‌కు వచ్చే ఆకాశం కూడా దాదాపు అంతే.

మరి తేడా ఎక్కడుంది? కన్ను వెలుగును దాచుకోదు. క్షణక్షణానికీ పాత బొమ్మను చెరిపేసి కొత్త బొమ్మను మెదడుకు పంపుతుంది. కెమెరా సెన్సరు తాటిచెట్టుకు కట్టిన కల్లుకుండ లాంటిది. రాత్రంతా బొట్టు బొట్టే పడుతుంది. ఆ బొట్టు వైపు చూస్తూ నిలబడితే ఏమీ లేనట్టే ఉంటుంది. తెల్లారి దించితే కుండ నిండి ఉంటుంది. సెన్సరులోని ప్రతి పిక్సెల్ అలాంటి కుండ. వేల ఏళ్లు ప్రయాణించి వచ్చిన వెలుగు కణాలను ఒక్కొక్కటిగా పోగుచేసుకుంటుంది. కెమెరా మనకంటే ఎక్కువసేపు చూస్తుంది. దాని బలమంతా అదే.

రంగు సంగతీ అంతే. మసక వెలుతురులో మన కంట్లో రంగులు గుర్తించే కణాలు పనిచేయవు. పాలపుంత మనకు పాలలా కనిపించేది అందుకే. ఆ వెలుగులో రంగులున్నాయి. అవి పోగుపడే దాకా ఆగే తీరిక కంటికి లేదు. 2024 మే 10 రాత్రి బలమైన సౌర తుఫాను వచ్చినప్పుడు లద్దాఖ్‌లోని హాన్లే ఆకాశంలో ధ్రువకాంతి కెమెరాలకు ఎర్రగా చిక్కింది. అలాంటి కాంతి కంటికి లీలగానే ఆనుతుంది.

పలకల కాలం నుంచి

ఈ పోగుచేసే విద్య పాతదే. 1840లో న్యూయార్క్‌లో జాన్ విలియమ్ డ్రేపర్ చంద్రుడి ఫొటో తీయడానికి వెండిపూత రేకును 20 నిమిషాలు వెలుగుకు చూపించాడు. 1850లో హార్వర్డ్ వేధశాలలో బాండ్, విపుల్ కలిసి అభిజిత్ నక్షత్రాన్ని పట్టారు. సూర్యుడు కాకుండా మరో నక్షత్రం ఫొటోకెక్కడం అదే మొదలు. 1880లో డ్రేపర్ కొడుకు హెన్రీ ఓరియన్ నెబ్యులాను 51 నిమిషాల ఓపికతో మొట్టమొదటిసారి పలక మీదికి దించాడు. ఇవాళ చీకటి పల్లెలో ఫోను పెడితే అదే నెబ్యులా ఓరియన్ నడికట్టు కింద చిన్న గులాబి మరకలా అర నిమిషంలో పడుతుంది.

ఈ కథలో మన హైదరాబాదుకు పెద్ద భాగమే ఉంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో స్థాపించిన నిజామియా వేధశాల తరవాత బేగంపేటకు మారింది. ఆకాశం మొత్తాన్నీ గాజుపలకల మీద ఫొటోలు తీసి, ప్రతి నక్షత్రం స్థానాన్నీ కొలవాలని 1887లో పారిస్‌లో మొదలైన అంతర్జాతీయ యజ్ఞంలో నిజామియా కూడా తన వంతు ఆకాశాన్ని పంచుకుంది. ఆకాశాన్ని ఫొటో తీసే 8 అంగుళాల దూరదర్శిని ఆస్ట్రోగ్రాఫ్‌తో పలక తరవాత పలక తీసి, ఏళ్ల తరబడి చుక్కలు కొలిచి ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను అచ్చువేసింది.

ఆ వేధశాలలో పనిచేసిన ఒక ఉద్యోగి కొడుకే ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు. ఆకాశం చూస్తూ హైదరాబాదులో పెరిగి, హార్వర్డ్‌కు చదువుకోవడానికి వెళ్లి, 1949లో తాను తీసిన ఫొటో పలక మీద కొత్త తోకచుక్కను గుర్తించారు. ఆ తోకచుక్కకు బప్పు-బాక్-న్యూకర్క్ అని పేరు. భారతీయుడి పేరున్న తోకచుక్క దొరికింది ఫొటోలోనే. 2024 అక్టోబరులో సుచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్క సాయంత్రాలు పడమటి దిక్కున వెలిగినప్పుడు మిద్దెల మీద నిలబడి ఫోనులెత్తిన వాళ్లంతా, తెలిసో తెలియకో, ఆ దారిలోనే నడిచారు.

ఒక సవాలు, కొంచెం టేపు

ఫోనులోకి ఈ విద్య ఎలా వచ్చింది? గూగుల్ పరిశోధకుడు ఫ్లోరియన్ కైంజ్ ఒకసారి పెద్ద కెమెరాతో శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ వంతెనను రాత్రిపూట తీసి సహోద్యోగులకు చూపించాడు. ఫోనుతో ఇలా తీయగలవా అని వాళ్లలో ఒకరు సవాలు చేశారు. అప్పటి ఫోనులు కొద్ది సెకన్లకు మించి షట్టరు తెరిచి ఉంచలేవు. అందుకని కైంజ్ వరసగా డజన్ల ఫొటోలు తీశాడు. తరవాత లెన్సుకు టేపు అంటించి మరికొన్ని తీశాడు. ఆ నల్ల ఫొటోల్లో సెన్సరు సొంత లోపాలు మాత్రమే ఉంటాయి; వాటిని అసలు ఫొటోల్లోంచి తీసేస్తే మిగిలేది ఆకాశం. 2017లో ఆ ఫొటోలు బయటికొచ్చాయి. 2019లో వచ్చిన పిక్సెల్ 4 ఫోను ఆ శ్రమనంతా ఒక్క బటన్‌లోకి తెచ్చింది: 16 సెకన్ల చొప్పున 15 ఫొటోలు, మొత్తం 4 నిమిషాలు. ఇప్పుడు మరికొన్ని కంపెనీల ఫోనుల్లోనూ ఇలాంటి సదుపాయం ఉంది.

అన్ని ఫొటోలు ఎందుకు? చీకట్లో తీసిన ఒక్క ఫొటోలో రంగురంగుల గింజలు చల్లినట్టు మచ్చలుంటాయి. అవి ప్రతి ఫొటోలోనూ ఇష్టమొచ్చినట్టు చోటు మారుతుంటాయి, నక్షత్రం అలా మారదు. 16 ఫొటోలను ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తే ఆ మచ్చల బలం నాలుగో వంతుకు పడిపోతుంది.

ఒక్కటే పొడుగాటి ఫొటో తీస్తే సరిపోదా? భూమి ఊరుకోదు. గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. నాలుగు నిమిషాల్లో ఆకాశం ఒక డిగ్రీ జరుగుతుంది, అంటే రెండు చందమామల వెడల్పు. చుక్క కాస్తా గీత అవుతుంది. అందుకే చిన్న చిన్న ఫొటోలు తీసి, నక్షత్రాలను నక్షత్రాల మీద, నేలను నేల మీద విడివిడిగా సర్దుతుంది ఫోను.

ఇలా తీసి చూడండి

తిథి చూసుకోండి. తెల్లవారుజామున తీయాలంటే శుద్ధ పక్షం తొలి వారం మేలు. చంద్రుడు అర్ధరాత్రిలోపే అస్తమిస్తాడు. సాయంత్రం తీయాలంటే బహుళ పక్షం రెండో వారం మేలు; చంద్రుడు అర్ధరాత్రి దాటాకే వస్తాడు. క్యాలెండరులో వర్జ్యం చూసే చోటే ఇదీ ఉంటుంది.

లెన్సు తుడవండి. వేలిముద్ర జిడ్డు ఉంటే ప్రతి నక్షత్రం చుట్టూ పొగ కమ్ముతుంది. ఉతికి మెత్తబడిన పాత నూలు గుడ్డ చాలు.

కదలనివ్వకండి. ట్రైపాడ్ లేకపోతే బియ్యం సంచో ఇసుక సంచో పెట్టండి. టైమరు తప్పనిసరి. వేలితో నొక్కిన అదురు కూడా ఫొటోలో పడుతుంది.

ప్రధాన లెన్సే వాడండి. నక్షత్రాల ఫొటోలకు పెట్టిన ఈ సదుపాయం (ఆస్ట్రో మోడ్) లేని ఫోనైతే ప్రో మోడ్‌లోకి వెళ్లండి. ఫోకస్‌ను అనంత దూరానికి, ఐఎస్‌ఓను 1600 నుంచి 3200 మధ్యకు, షట్టరును 15 నుంచి 20 సెకన్లకు పెట్టండి. 500ను లెన్సు సమాన ఫోకల్ దూరంతో (పెద్ద కెమెరా కొలతలో చెప్పేది) భాగిస్తే, చుక్క గీత కాకుండా షట్టరు ఎన్ని సెకన్లు తెరవొచ్చో వస్తుందన్నది ఫొటోగ్రాఫర్ల పాత సూత్రం. 25 మిల్లీమీటర్ల లెన్సుకు 20 సెకన్లు వస్తాయి. రా ఫైలు సదుపాయం ఉంటే వాడుకోండి.

ఇరవై ఫొటోలు తీయండి. ఇంటికొచ్చాక సీక్వేటర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటరులో పేర్చుకోవచ్చు. ఎప్పుడు ఏ నక్షత్రం ఎక్కడుంటుందో స్టెలేరియం అనే యాప్ చూపిస్తుంది.

ధ్రువుడి చుట్టూ వలయాలు కావాలంటే ఉత్తరం వైపు తిప్పి గంటసేపు వరసగా తీయండి. మన ఊరి అక్షాంశం ఎంతో ధ్రువుడు అంత ఎత్తులో ఉంటాడు: హైదరాబాదులో 17 డిగ్రీలు, కర్నూలులో దాదాపు 16. చాచిన చేతి గుప్పిట వెడల్పు సుమారు 10 డిగ్రీలు. నేల అంచు నుంచి గుప్పిటన్నర లెక్కపెడితే ధ్రువుడు దొరుకుతాడు.

కళ్లకు అరగంట ఇవ్వండి. చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి అంత పడుతుంది. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి. పురుగూపుట్రా ఉండే చోట, లోయ అంచున పిల్లలను ఒంటరిగా వదలకండి.

చందమామ దగ్గర నిజాయితీ

చంద్రుడి దగ్గర ఫోను చేతులెత్తేస్తుంది. మన కంటికి అంత పెద్దగా కనిపించే చందమామ ఆకాశంలో అర డిగ్రీయే. 4000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోలో సుమారు 30 పిక్సెళ్లు. పైగా అది ఎండ పడుతున్న నేల. చుట్టూ ఉన్న చీకటిని చూసి ఫోను వెలుగు పెంచేస్తే తెల్లటి బిళ్లగా మారిపోతుంది. తెర మీద చంద్రుణ్ని తాకి, వెలుగు తగ్గించే గీతను కిందికి లాగండి. టెలిస్కోపు కంటి కటకానికి ఫోను ఆనించి తీస్తే బిలాలు నిజంగానే కనిపిస్తాయి.

కొన్ని ఫోనులు మరో దారి పట్టాయి. 2023లో ఒక వినియోగదారు మసకబార్చిన చంద్రుడి బొమ్మను కంప్యూటరు తెర మీద పెట్టి ఫోనుతో తీస్తే, ఆ మసక బొమ్మలో లేని బిలాలు ఫొటోలో వచ్చాయి. ఫోను తాను నేర్చుకున్న చంద్రుణ్ని దాని మీద అద్దింది. అందంగానే ఉంటుంది. కానీ ఆ రాత్రి మన మిద్దె మీదికి వచ్చిన వెలుగు అందులో కొంతే. నక్షత్రాలను పేర్చడం వేరు: అక్కడ ప్రతి చుక్కా నిజంగా లెన్సులోంచి దూరి వచ్చింది. వేణు బప్పు పలక మీద కొత్త చుక్క దొరికిందంటే, పలక ఏమీ కల్పించలేదు కాబట్టే దొరికింది. మసకగా వచ్చినా మనది మనకు రావాలి.

మన ఆకాశం, మన దీపాలు

పాలపుంత నడిబొడ్డు ధనుస్సు రాశి వైపు, దక్షిణాన ఉంటుంది. లండన్‌లో అది నేల అంచుకు పది డిగ్రీలైనా పైకి లేవదు. మన దగ్గర సుమారు 43 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. మార్చిలో తెల్లవారుజామున, మేలో అర్ధరాత్రికి ముందే చూడొచ్చు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా సాయంత్రాలు ఓరియన్, రోహిణి, పల్లెల్లో పిల్లలకోడి అని పిలుచుకునే కృత్తికలు ఉంటాయి. ఏప్రిల్, మే సాయంత్రాలు సప్తర్షులవి.

ఇంత సంపద తల మీద ఉంటే మనం దాన్ని దీపాలతో కప్పేస్తున్నాం. ప్రపంచ జనాభాలో 80 శాతానికి పైగా కృత్రిమ కాంతితో కలుషితమైన ఆకాశం కిందే బతుకుతున్నారని, మూడో వంతుకు పాలపుంత కనిపించడమే లేదని 2016లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం తేల్చింది. హాన్లే చుట్టూ ఉన్న ప్రాంతాన్ని 2022లో చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అక్కడి దీపాలకు తొడుగులు వేశారు. మనం లద్దాఖ్ దాకా వెళ్లక్కర్లేదు. ఊరి కూడలిలో హైమాస్ట్ దీపం నేలను చూస్తే రోడ్డుకూ వెలుగే, ఆకాశానికీ మేలే. పక్కలకూ పైకీ చిమ్మే వెలుగు ఎవరికీ దారి చూపదు.

గండికోట నుంచి వచ్చిన నెల తరవాత, ఏప్రిల్‌లో ఒక సాయంత్రం కర్నూలులో మా మిద్దె మీద పాప ఫోను పెట్టింది. ఉత్తరాన సప్తర్షులు పైకి వచ్చారు. ఫొటో మాత్రం బూడిద రంగులో వచ్చింది. పక్కింటి మిద్దె మీది పెద్ద బల్బు మా వైపే ఉంది. పాప పిట్టగోడ దగ్గరికి వెళ్లి పిలిచింది: "అవ్వా, మీ మిద్దె లైటు పది నిమిషాలు ఆపుతావా?"

అవ్వ లైటు ఆపి, ఎందుకో చూద్దామని మా మిద్దెక్కింది. నాలుగు చుక్కలు ముసలమ్మ మంచమనీ, వెనక మూడు చుక్కలు దాన్ని ఎత్తుకుపోతున్న దొంగలనీ పాపకు కథ చెప్పింది. ఈలోగా ఫొటో తయారైంది. పాప ఆ దొంగల్లో నడిమి చుక్కను తెర మీద పెద్దది చేసింది. వశిష్ఠుడు. అతనికి ఆనుకుని, పన్నెండు పిక్సెళ్ల ఎడంలో, మరో చిన్న చుక్క. "ఇదే అరుంధతి, అవ్వా."

అవ్వ ఫోనును కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "నా పెండ్లిలో మిట్టమధ్యాహ్నం చూపించినారు పాపా. కనపడింది అంటిని. ఏమీ కనపడలేదు. ఇన్నేండ్లకు ఈ పొద్దు చూస్తిని" అంది.

ఫోను పాప చేతికిచ్చి, ఆమె తల పైకెత్తింది. పది నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. లైటు వేయమని ఎవరూ అనలేదు.