అభ్యంగము – మనఃప్రసాదము

'అభి' ఉపసర్గపూర్వకమైన 'అంజ్' ధాతువునుండి 'అభ్యంగ' శబ్దము నిష్పన్నమైనది. తైలాదులను శరీరమున పూయుట దాని యర్థము. తెలుగున 'తలంటు' అను మాటయందలి 'అంటు' సైతము పూతను, స్పర్శను రెంటిని బోధించును. సంస్కృతమున 'స్నేహ' శబ్దము నూనెకును ప్రేమకును సమానమే. ఈ శబ్దసామ్యము రమ్యమే యైనను, అభ్యంగము మనస్సునకు హితమనుటకు శాస్త్రప్రమాణమును వేరుగా వెదకవలెను.

ఆ ప్రమాణము చరకసంహితా సూత్రస్థానమున లభించుచున్నది. స్పర్శనేంద్రియమున వాయువు అధికమనియు, ఆ యింద్రియము త్వగాశ్రితమనియు, కావున అభ్యంగము త్వక్కునకు పరమహితమనియు 5వ అధ్యాయము చెప్పుచున్నది. స్పర్శనేంద్రియ మొక్కటియే సర్వేంద్రియవ్యాపకమనియు, మనస్సుతో సమవాయసంబంధము కలదనియు 11వ అధ్యాయము. వాయువే మనస్సునకు నియామకము, ప్రేరకము, హర్షోత్సాహములకు మూలము అని 12వ అధ్యాయము. ఈ మూటిని సమన్వయించినచో, త్వక్కున చేసిన ఉపచారము వాయుశమనద్వారా మనస్సును చేరు క్రమము స్పష్టమగును.

దీనికి నిదర్శనము 21వ అధ్యాయమందలి నిద్రాప్రకరణము. చింత, క్రోధము, భయము నిద్రను పోగొట్టునని చెప్పి, నిద్ర కలుగుటకు అభ్యంగమును, సంవాహనమును మనోనుకూలములైన గంధశబ్దములతో కలిపి పఠించినారు. ఇచట సంవాహన మనగా మృదువుగా ఒత్తుట. తైలము దానికి నియతము కాదు. అది శిక్షచే సాధింపదగిన కళ. మృచ్ఛకటికమందలి సంవాహకుడు దానిని కళగా నేర్చి, పిదప జీవికగా చేసికొన్నవాడే.

అయినను అభ్యంగమొక్కటియే మనోవ్యాధుల నన్నిటిని హరించునని తలచుట శాస్త్రవిరుద్ధము. మానసదోషములకు జ్ఞాన విజ్ఞాన ధైర్య స్మృతి సమాధులే ఔషధములని ప్రథమాధ్యాయమున స్పష్టముగా కలదు. మీమాంసకుల పరిభాషలో, అవి ప్రధానములు, అభ్యంగ మంగము. అంగము ప్రధానమునకు ఉపకరించునే కాని దాని స్థానము నాక్రమింపదు. అంతేకాక కఫగ్రస్తులకు, అజీర్ణవంతులకు, వమనవిరేచనాది శోధనము చేసికొన్నవారికి అభ్యంగము కూడదని అష్టాంగహృదయ దినచర్యాధ్యాయము నిషేధించినది. నిత్యవిధి యైనను అధికారిభేదము తప్పదు.

దేహము మనస్సును, మనస్సు దేహమును అనుసరించునని శారీరస్థానమున చరకోక్తి. అభ్యంగమును కేవల దేహభోగముగా చూచువారు ఈ యుక్తియందు ఒక సగమును, సర్వరోగహరముగా చూచువారు వేరొక సగమును విస్మరించుచున్నారు. రెంటిని కలిపి గ్రహించినప్పుడే శాస్త్రహృదయము బోధపడును.